రంగూన్‌కి రెండున్నర గంటలు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా నాయనమ్మ మంచాన పడ్డ నాలుగో రోజునే నాకు తెలుసు, రంగూన్ నుంచి కలకత్తాకి విమానం రెండున్నర గంటల్లో వస్తుందని.

విజయనగరంలో టీచర్ ట్రైనింగ్ చదివిన రెండేళ్ళూ, సాయంత్రం హాస్టలు అమ్మాయిలందరూ బజారుకి పోతే నేను రీడింగ్ రూముకి పోయేదాన్ని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని చోటు ఊరు మొత్తానికి అదొక్కటే. అక్కడ పాత పత్రికల కట్టలో, అట్ట ఊడిపోయిన విమానాల టైము టేబులు ఒకటి దొరికింది. మా అత్త రంగూన్‌లో ఉంది కాబట్టి కలకత్తా–రంగూన్ వరస వెతికి డైరీలో ఎక్కించుకున్నాను. తర్వాత అట్లాసు తెరిచి రెండు ఊళ్ళ మధ్య దారం పెట్టి స్కేలు మీద కొలిచాను. ఆరువందల నలభై మైళ్ళు, కొంచెం అటూ ఇటూగా. ఎందుకు కొలిచావంటే చెప్పలేను. చుట్టాన్ని చూడలేనప్పుడు దూరాన్నయినా చూడాలనిపిస్తుంది.

నాయనమ్మ పదకొండు రోజులు మంచాన ఉంది. "రావులమ్మ వచ్చిందేటి?" అని గుమ్మం వైపు చూసేది. "రంగూనంటే పక్కూరేటి? ఓడలో బోలెడు దినాలు. ఎక్కణ్ణించి వస్తాది?" అనేవాడు నాన్న. చూడవచ్చినవాళ్ళంతా తలలూపేవారు. వంటింటి గుమ్మం వెనక నిలబడి నేను నాలుగో రోజున డైరీలో రాసుకున్నాను: టెలిగ్రాముకి ఒకరోజు, ప్రయాణం కట్టుకోవడానికి రెండు రోజులు, విమానానికి ఒక పూట, రైళ్ళకి ఒకటిన్నర రోజు. అంతా కలిపి అయిదు రోజులు. కాగితం మీద రాశాను. నోటితో అనలేదు. నలుగురు పెద్దవాళ్ళ ముందు నేను ఎన్నడూ మాట్లాడి ఎరగను. పదకొండో రోజున నాయనమ్మ పోయింది.

పోయాక కూడా అత్తకి కబురు వెళ్ళలేదు. మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. చావు కబురు విన్న మనిషి కట్టుబట్టలతోనే తలమీద నీళ్ళు పోయించుకోవాలి. ఎవరికి వాళ్ళు పోసుకోకూడదు, రక్తసంబంధం ఉన్నవాళ్ళో, కులంవాళ్ళో పొయ్యాలి. పోసే దిక్కులేని చోట ఉన్న మనిషికి కబురు పంపకూడదు. మా మావయ్య పోయి మూడేళ్ళయింది, పిల్లలు లేరు, అక్కడ అత్తకి చెంబుడు నీళ్ళు పోసేవాళ్ళు ఎవరున్నారు అని పెద్దలు తేల్చారు. అందుకని నాన్న చెబుతుంటే నేను మూడు ఉత్తరాలు రాశాను. మూడింట్లోనూ 'అమ్మ కులాసా'. మూడోదాంట్లో 'నిన్నే తలుచుకుంటూ ఉంది' అని కూడా. నా దస్తూరీ బాగుంటుంది.

మాఘమాసంలో అత్త ఉత్తరం వచ్చింది. అక్కడ బతుకు సాగడం లేదనీ, మనవాళ్ళని చాలామందిని పంపించేస్తున్నారనీ, తనూ విమానంలో కలకత్తా వస్తున్నాననీ, ఎవరైనా ఎదురు రమ్మనీ. ఇంగ్లీషు వచ్చిన మనిషిని కాబట్టి నాన్న నన్ను తోడు తీసుకెళ్ళాడు.

ఊరు దాటి ఎరగనివాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. వేడుకగా రాయాలని కూర్చున్నాను గాని చెయ్యి అలా నడవడం లేదు.

చిన్న రైలు

పాతపట్నంలో చిన్న రైలెక్కాం. ఎరగనివాళ్ళకి చెప్పాలంటే, ఎదురుబల్ల మీద కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు మన మోకాళ్ళకి తగులుతాయి. ఆ రైలు నడుస్తుండగా మగవాళ్ళు దిగి, బీడీ ముట్టించుకుని మళ్ళీ ఎక్కడం నేను చూశాను. మా ఎదురుగా చింతపండు బుట్టతో ఒక ముసలామె కూర్చుంది.

"ఎందాకా ఎల్తన్నారు బాబూ?"

"కలకత్తా. మా అప్ప రంగూన్ నుంచి ఇమానంలో దిగుతాది" అన్నాడు నాన్న, బోగీ అంతా వినేలా.

"ఓలమ్మో! ఇమానమే! ఎంతసేపు పడతాదేటి?"

"ఓ దినం దినమంతా పడతాది గావాల. సముద్రం దాటాల గదా."

ముసలామె బుగ్గలు నొక్కుకుంది. నాన్నకి తెలియదు. తెలియదని ఒప్పుకోవడం కూడా తెలియదు. నాయనమ్మ మంచం పక్కన నిలబడి కూడా సరిగ్గా ఇదే గొంతుతో, ఇంతే నమ్మకంగా చెప్పాడు. కిటికీలోంచి టెక్కలి కొండలు చూస్తూ కూర్చున్నాను. నా ఒడిలోని సంచిలో డైరీ ఉంది, డైరీలో ఆ గంటలు ఉన్నాయి. అప్పుడయినా అనలేదు.

నౌపడ దగ్గర పడుతుంటే నాన్న నా వైపు వంగాడు. "సూడమ్మీ. అప్పతో ఏటీ అనకు. దారిలో సావు కబురు సెప్పకూడదు. ఇంటికాడ మీ పిన్నికి సెప్పొచ్చినాను. మనం ఎల్లేసరికి గుమ్మంలో నీళ్ళ బిందెలు పెట్టి ఉంచుతాది."

అంటే అత్త ఇరవయ్యొక్కేళ్ళ తర్వాత పుట్టింటికి నడుచుకుంటూ వస్తుంది. అమ్మ కోసం చూస్తుంది. గుమ్మంలో బిందెలు కనిపిస్తాయి. ఎవరూ నోరు విప్పక్కర్లేదు. ఎంత చక్కని ఏర్పాటు!

రంభ

నౌపడ నుంచి పలాస వెళ్ళి, అక్కడ పెద్ద రైలెక్కాం. బరంపురం దాటాక చిలక సరస్సు మొదలవుతుంది. సముద్రం చూసినవాళ్ళకి కూడా అది వింతే. అల ఉండదు, చప్పుడుండదు. నీళ్ళలోంచి వెదురు కర్రలు, వాటిమీద కొంగలు. రంభలో వేయించిన రొయ్యలు ఆకుల్లో కట్టి కిటికీల దగ్గరకి తెచ్చి అమ్మారు. ఆకు పావలా. మన భావనపాడు రొయ్యకంటే చిన్నది గాని తియ్యగా ఉంది. కారం బొత్తిగా లేదు. నాన్న ఒరియాలో బేరమాడి అదనంగా నాలుగు పెట్టించాడు. నాన్నకి ఒరియా మాట్లాడుతుంటే ముఖం విచ్చుకుంటుంది, జోకులు కూడా వేస్తాడు. ఇంట్లో ఎన్నడూ చూడని మనిషి.

ముందు ఆకు నాకే ఇచ్చాడు. "తిను, పొద్దుటి నుంచి ఏటీ తిన్నేదు" అన్నాడు. మా నాన్న చెడ్డవాడైతే నా కోపానికి ఇంత శ్రమ ఉండేది కాదు.

ఆ తర్వాత హౌరాలో దిగుతుంటే జనం తోపులాటలో నా ఎడమకాలి చెప్పు పట్టీ తెగిపోయింది. రెండోదీ అక్కడే వదిలేశాను. కలకత్తా మహానగరమంతా నేను ఒట్టికాళ్ళతో చూశాను.

టిటాగఢ్ మిల్లు లైన్లు

కలకత్తాలో మనకి తెలియని లోకం ఉందనుకుంటాం. గంగ ఒడ్డున గోగునార మిల్లుల దగ్గర దిగితే, కుళాయి దగ్గర "ఓలె, నీ బిందె తియ్యే" అని మన మాట వినబడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు వరసగా గదులు. పైడితల్లి పండగ కూడా చేస్తారట. మా ఊరి తవుడు మావ అక్కడ మగ్గం మీద పని. గది మా ఇంటి పశువులసాలలో సగం. అందులో ఆరుగురు. మేం ఇద్దరం వెళ్ళేసరికి ఇద్దరు బయటికి వెళ్ళి పడుకున్నారు, అలవాటైనట్టు.

తవుడు మావ భార్య నూకాలత్త ఆవనూనెతో చేప పులుసు పెట్టింది. ఆ ఘాటుకి నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"ఏటే గుంటా, ఏడస్తన్నావా? మొదట నెల నానూ ఏడిసినాను. ఇప్పుడు ఊరెల్తే మీ నువ్వుల నూనే వాసనొస్తాది" అని నవ్వింది.

తర్వాత నాన్నని సూటిగా అడిగింది. "అన్నయ్యా, రావులప్పకి వాళ్ళమ్మ సంగతి తెలుసా?"

నాన్న చేప ముల్లు తీసుకుంటూ "ఇంటికెల్లాక" అన్నాడు.

"ఇంటికెల్లాకేటి? మా అమ్మ పోయినపుడు ఆమదాలవలస నుంచి తెలిగ్రాం వచ్చింది. మిల్లోళ్ళు సెలవు నేదంటే గేటుకాడ కూకుండిపోయినాను. ఇచ్చినారు. అమ్మని మట్టి సెయ్యకముందే ఎల్లి మొకం సూసినాను. అది నాకున్నాది. ఆ అప్పకేటి ఉంచినారు మీరు?"

"నూకాలూ, ఊరుకోయే" అన్నాడు తవుడు మావ.

"ఎందుకూరుకుంటాను? నీళ్ళు పొయ్యడానికి మనిషి నేదనే గదా మీ బాద. నాను ఉన్నాను గదా. మన కులపోళ్ళు నూరు కొంపలున్నాయి ఈ లైన్లో. ఇక్కడికే తీసుకురండి. నాను సెబుతాను, నానే పోస్తాను."

నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పరాయి ఊళ్ళో, కూలి లైన్లో, కుళాయి దగ్గర తన అక్కకి నీళ్ళు పొయ్యడమా అని మర్నాడు దారిలో నాతో గొణిగాడు. పరువు తక్కువట. నూకాలత్త ఒక్క నిమిషంలో అన్న మాట నేను తొమ్మిది నెలల్లో అనలేకపోయాను. ఆమెకి అక్షరం ముక్క రాదు.

దమ్‌దమ్

విమానాశ్రయంలో చూడవచ్చినవాళ్ళకి కూడా టిక్కెట్టుంది. నేల ఎంత నున్నగా ఉందంటే ఒట్టికాళ్ళకి జారుతుంది. అక్కడికి వచ్చిన ఆడవాళ్ళందరికీ చెప్పులున్నాయి, నాకు తప్ప. కాళ్ళు చీర కిందకి ముడుచుకుంటూ నడిచాను. గోడమీద పెద్ద బోర్డు, దానిమీద ఊళ్ళ పేర్లు. అందులో రంగూన్ అనే పేరు రెండుసార్లు చదువుకున్నాను. అట్లాసులో, ఆ టైము టేబులులో తప్ప ఆ పేరు అచ్చులో ఎక్కడా చూడలేదు.

"ఎంతసేపట్లో వస్తాదో అడగవే" అన్నాడు నాన్న.

కళ్ళజోడు పెట్టుకున్న బెంగాలీ గుమాస్తా ఒకాయన బల్ల వెనక ఉన్నాడు. అడిగాను. నా ఇంగ్లీషు నాకే వినబడలేదు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. రెండోసారీ వినబడలేదు. ఇక సిగ్గుతో చావలేక చిన్న కాగితం మీద రాసి ఇచ్చాను: ఎంత దూరం, ఎంతసేపు? ఆయన నవ్వలేదు, ఆ మర్యాద మరిచిపోను. కిందనే రాసి ఇచ్చాడు. దాదాపు ఆరువందల నలభై మైళ్ళు, రెండున్నర గంటలు. విమానం బయల్దేరిపోయింది, ఇంకో అరగంటలో ఇక్కడుంటుంది.

నా దారం సరిగ్గానే కొలిచింది. ఆ సంతోషం ఒక్క క్షణమే ఉంది.

"ఏటన్నాడు?"

"రెండున్నర గంటలు, నాన్నా. అంతే."

నాన్న బోర్డు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. చదవడం రాని మనిషి అక్షరాల్లో ఏం వెతుకుతాడు? "ఆడు అలగే అంటాడు. కాయితాల మీద అలగే రాస్తారు" అన్నాడు. ఊరి నుంచి ఇక్కడికి నాలుగువందల పైచిలుకు మైళ్ళు రావడానికి మాకు ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది, నడుములు విరిగాయి. దానికి ఒకటిన్నర రెట్ల దూరం నుంచి మా అత్త, మేం టీ తాగి గ్లాసులు కడిగేలోగా దిగింది.

విమానం నేను అనుకున్నంత పెద్దది కాదు. మెట్లు తోసుకొచ్చి తలుపుకి ఆనించారు. మనుషులు చేతిసంచులతో వచ్చారు. చాలామందికి సంచి కంటే పెద్ద సామాను లేదు. చివరగా పొట్టి మనిషి ఒకావిడ, తెల్ల రవిక, ముఖమల్ చెప్పులు. చెవులకి కమ్మలు లేవు, బెజ్జాలు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్కలు పెట్టుకుంది. కమ్మలు అక్కడ ఎక్కేముందు తీయించేశారట. నేను పసిపిల్లగా ఉండగా వెళ్ళిన మనిషి. అయినా పోల్చుకున్నాను. నాయనమ్మ నడక.

"ఒరే సన్నాసీ! ముసిలోడివైపోనావేట్రా!" అని నాన్న రెండు చెంపలూ పట్టుకుంది. తర్వాత గోడ గడియారం చూసింది. "అక్కడ పదికి ఎక్కినాను. ఇక్కడ పదకొండున్నర. ఇదేటిరా తమ్ముడూ? గంటన్నరేనా? నానిన్నేళ్ళూ ఉన్నది గంటన్నర దూరంలోనా?"

నాన్న ఆవిడ చేతిలో సంచి అందుకున్నాడు.

"రెండున్నర గంటలత్తా. అక్కడి గడియారం మనకన్నా గంట ముందు" అన్నాను.

"నీకెలగ తెలుసే?"

"అదిగో, ఆయన చెప్పాడు" అని గుమాస్తాని చూపించాను.

అది నా నోటంట తనంత తానే వచ్చిన అబద్ధం. మిగతావన్నీ నాన్న చెప్పిస్తే రాసినవి. ఇది నాది.

తిరుగు రైలు

ఆ సాయంత్రమే బండెక్కాం. టిటాగఢ్ వెళదామని నేననలేదు, నాన్న అననివ్వడు. అత్త మాట్లాడుతూనే ఉంది. అక్కడ వర్షాలు, నిమ్మరసం పిండిన చేపనూడుల్సు, ఆకు టీని ఊరగాయలా పెట్టుకుని తినడం, పక్కింటి బర్మా ఆవిడ తనని చెల్లీ అని పిలవడం. "ఉండిపొమ్మన్నాది. నాకూ ఎవులూ నేరు, ఇద్దరం ఉందామన్నాది. ఉండిపోదునే. నీ ఉత్తరం సూసి కాళ్ళాగనేదు. అమ్మ నన్నే తలుసుకుంటన్నాదని రాసినావు గదా, ఆ ముక్క రోజూ సదివించుకున్నాను."

నేను కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను.

అత్త సంచిలో ఉన్నదంతా రెండు చీరలు, మావయ్య ఫోటో, అరిటాకులో చుట్టిన చుట్టల కట్ట. మా వైపు ముసలమ్మలు నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాలుస్తారని తెలియనివాళ్ళకి ఇక్కడ చెప్పాలి. ఆ చుట్టలు నాయనమ్మ కోసం.

"అమ్మ ఇంకా అడ్డపొగ కాలస్తన్నాదేట్రా?"

"ఆ అలవాటెక్కడికి పోతాది" అన్నాడు నాన్న.

"పళ్ళున్నాయా?"

"ఎప్పుడో ఊడిపోనాయి."

"కళ్ళు?"

"ముసలోళ్ళకి కళ్ళేటి కనబడతాయి."

ఇలా హౌరా నుంచి ఖర్గపూర్ దాకా. ఒక్కటీ అబద్ధం కాదు, ఒక్కటీ నిజం కాదు. అంత ఒడుపు నాన్నకి ఎక్కడ అబ్బిందో! మిరపకాయల బేరంలో ఎప్పుడూ మోసపోయే మనిషి. ఆ మాటలకి పక్కవాళ్ళు కూడా నవ్వారు. నాకు మాత్రం లేచి గొలుసు లాగి బండి ఆపెయ్యాలనిపించింది. ఏం చేశాను? దుప్పటి కప్పుకుని నిద్ర నటించాను.

బరంపురం

పొద్దున్న బరంపురంలో బండి చాలాసేపు ఆగుతుంది. జనం దిగి పళ్ళు తోముకుంటారు, కుళాయిల దగ్గర తలమీద నీళ్ళు కూడా కుమ్మరించుకుంటారు. నాన్న టీకి వెళ్ళాడు. అత్త కిటికీలోంచి బజారు చూస్తోంది.

"ఇంక మూడు గంటల్లో పలాస గదే? అక్కడ జీడిపప్పు కొందాం. దంచి పాలలో ఏస్తే అమ్మ తాగుతాది."

నాకు గుమ్మం ముందు బిందెలు కనిపించాయి. ముఖమల్ చెప్పులతో, చుట్టల కట్టతో వాటి ముందు నిలబడ్డ అత్త కనిపించింది.

"అత్తా, దిగు" అన్నాను.

"ఏటే?"

"దిగు. ఒకసారి కుళాయి దగ్గరకి."

మా చెంబు పట్టుకుని ముందు నడిచాను. వచ్చింది. అక్కడి దాకా వెళ్ళాను గాని మాట రాలేదు. ఏం చెయ్యాలో తెలియక చెంబు నింపాను. నింపి, రెండు చేతులతో పట్టుకుని ఆవిడకి ఎదురుగా నిలబడ్డాను. బిందెలు చూసి తెలుసుకోకూడదని దింపినదాన్ని, చివరికి నేనూ చెంబుతోనే చెప్పాను.

అత్త చెంబు చూసింది. నా మొహం చూసింది. చుట్టూ ఉన్న గోల ఆవిడకి వినబడలేదనుకుంటాను.

"ఎప్పుడే?"

"వైశాఖంలో."

"వైశాఖంలో" అని వేళ్ళు మడిచింది. తొమ్మిది వేళ్ళు మడిచి, కుళాయి దగ్గర తడి నేలమీద కూర్చుంది. "పొయ్యి."

పోశాను. ఒకటి, రెండు, మూడు చెంబులు. అత్త ఏడవలేదు. నీళ్ళు జుట్టులోంచి, తెల్ల రవిక మీంచి కారుతుంటే కళ్ళు తెరిచే ఉంది. పళ్ళు తోముకుంటున్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. నేను మళ్ళీ చెంబు నింపుతుంటే నాన్న మూడు టీగ్లాసులతో వచ్చాడు. చూసి ఆగిపోయాడు.

"ఏటే ఇది? ఏటి సేసినావే?" అని నా మీదకి వచ్చాడు. నాన్న నన్ను ఎన్నడూ కొట్టలేదు. ఆరోజు చేతులు ఖాళీగా లేవు కాబట్టి ఆగాడు.

"దాన్నేటనకు" అంది అత్త. "ఎన్ని దినాలు మంచాన ఉన్నాది?"

"పదకొండప్పా."

"నా పేరెత్తిందా?"

నాన్న నేలకేసి చూశాడు. "ఎత్తింది."

"తెలిగ్రాం ఎందుకియ్యనేదురా?"

"దూరం గదప్పా! ఇచ్చినా ఎలగొస్తావు, సముద్రం దాటి? ఒక్కర్తివి ఏడిసి సస్తావని... నీళ్ళు పోసే దిక్కు నేదని..."

"దూరమా?" అత్త లేచి నిలబడింది. "ఒరే, నాను అన్నం తిని ఎక్కినాను. దిగేసరికి మళ్ళా ఆకలెయ్యనేదు. అదిరా మీ దూరం! మా ఈదిలో పోలమ్మకి తండ్రి గురించి తెలిగ్రాం వస్తే, అది పట్టుకుని ఆపీసుల సుట్టూ తిరిగి నాలుగో దినానికి కలకత్తాలో ఉన్నాది. మళ్ళా తిరిగి రానివ్వం అన్నారు. రాకపోతే రాకపోయిందని ఎల్లింది. నాకాపాటి కాళ్ళు నేవా? నీళ్ళా? అక్కడ బర్మా మనిషి పోసినా నీళ్ళు నీళ్ళే గదరా!"

గార్డు ఈల వేశాడు. నాన్న చేతుల్లో టీ ఒలికి వేళ్ళమీద పడుతోంది, ఆయనకి తెలియడం లేదు. నాకు జాలి వేసింది. జాలి వేసినందుకు మరింత కోపం వచ్చింది.

బండిలో పక్కసీటు ఆవిడ "తడిబట్టల్తో ఎక్కీసినారేటి, బల్లంతా తడిసిపోనాది" అని విసుక్కుంది. "వాళ్ళమ్మ పోయింది" అన్నాను. ఈ మాట నేను పైకి, గట్టిగా, పరాయివాళ్ళతో అన్నాను. ఆవిడ నాలుక్కరుచుకుని తన ట్రంకు తెరిచి కొత్త తువ్వాలు తీసి అత్త భుజాల చుట్టూ కప్పింది. తిరిగి ఇమ్మనలేదు. ఊరు ఇచ్ఛాపురం అని చెప్పి అక్కడ దిగిపోయింది.

అత్త చుట్టల కట్ట తీసి నాన్న ఒళ్ళో పడేసింది. "నువ్వు కాల్సుకో." పలాస వచ్చింది. జీడిపప్పు కొనలేదు.

నౌపడ

నౌపడలో చిన్న రైలుకి ఇంకా వేళ ఉంది. ఉప్పు మళ్ళ మీంచి గాలి. ఉప్పు తెల్లని కుప్పలుగా పోసి, పైన తాటాకులు కప్పారు. నాన్న మూడు టిక్కెట్లు కొన్నాడు. అత్త ఒకటి వెనక్కి ఇచ్చేసింది.

"నాను మీతో రాను. బావనపాడు కాడ మా ఆడపడుసున్నాది. అక్కడికెల్తాను."

"అప్పా, అదేటి మాట! పుట్టింటికి రాకుండానా? నలుగురేటనుకుంటారు?"

"ఆ నలుగుర్నీ నువ్వే సూసుకో. అమ్మున్న ఇల్లు నా పుట్టిల్లు. అది నేదు. ఇంకెవురి కోసం రావాల?"

నాన్న ప్లాట్‌ఫారం మీద చతికిలబడ్డాడు. తలగుడ్డ విప్పి మొహం మీద పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం నాయనమ్మని తీసుకెళ్ళేటప్పుడు కూడా చూడలేదు. అత్త ఒక్క నిమిషం నిలబడి, వంగి తల నిమిరింది. అంతే. సంచి తీసుకుని బయటికి నడిచింది.

ఆ వైపు వెళ్ళే ఉప్పు బండి ఒకటి ఉంటే మాట్లాడి ఎక్కించాను. అంటే, అత్తే మాట్లాడింది, నేను పక్కన నిలబడ్డాను. బండివాడు ఎడ్లు కడుతున్నాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. వైశాఖంలో, నాయనమ్మ మంచాన పడ్డ నాలుగో రోజున నా డైరీలో ఏం రాసుందో, నువ్వు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఎన్ని మిగులుతాయో. డైరీ చేతిలోనే ఉంది. తెరిచి చూపిస్తే చాలు, నోరు కూడా కదపక్కర్లేదు.

"అత్తా, ఆ ఉత్తరాలు నేనే రాశాను" అన్నాను. అంతవరకే వచ్చింది.

"తెలుసే. మీ అయ్య సెప్పింది రాసినావు. సిన్నదానివి, ఏటి సేస్తావు?" బండి కదిలింది. ఊచ పట్టుకుని నా వైపు తిరిగింది. తడి ఆరని జుట్టు గాలికి మొహం మీద పడుతుంటే తోసుకుని అంది:

"ఈ ఇంట్లో నిజం సెప్పిందానివి నువ్వొక్కర్తివే. ఇమానం ఎంత బేగి వస్తాదో ఆ దమ్‌దమ్ బాబు సెప్పకముందే నీకు తెలిసుంటే, నువ్వు నన్ను పిలిసేదానివే, గుంటా."